కోడింగ్ నేర్పే పజిల్ గేమ్స్: విశాఖ తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంవీపీ కాలనీలో ఆదివారం పూట పిల్లల చేత కోడింగ్ పజిల్స్ ఆడిస్తుంటాను. బ్లాకులు, అంటే ఒక్కో ఆజ్ఞ ఉన్న ముక్కలు, వరసగా పేర్చి తెర మీది రోబోనో బొమ్మనో గమ్యానికి నడిపించే ఆటలివి. లోపల పిల్లలు ఆడుతుంటే బయట వరండాలో తల్లిదండ్రులు అడిగే సందేహాలు దాదాపు ఒక్కటే. గాజువాక నుంచి వచ్చినవాళ్లూ, మధురవాడ నుంచి వచ్చినవాళ్లూ, ఫోన్ చేసే స్కూలు టీచర్లూ మళ్లీ మళ్లీ అవే అడుగుతారు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ప్రశ్నలు చాలావరకు వాళ్ల మాటల్లోనే ఉన్నాయి. మీకు ఏది కావాలో అది చదువుకోండి, వరసగా చదవాల్సిన పనిలేదు.

## మొదలుపెట్టే ముందు

ఇవి ఆడితే నిజంగా ప్రోగ్రామింగ్ వస్తుందా, లేక పేరుకేనా?

ప్రోగ్రామింగ్‌లో ఒక భాగం వస్తుంది. పనిని చిన్న చిన్న ఆజ్ఞలుగా విడగొట్టడం, వాటిని సరైన వరసలో పెట్టడం, పదే పదే వచ్చే పనిని లూప్‌లో పెట్టడం, పరిస్థితిని బట్టి దారి మార్చడం, ఎక్కువసార్లు వాడే ముక్కని విడిగా రాసుకుని అవసరమైనప్పుడల్లా పిలవడం. ఇవన్నీ ఒక ఎత్తు. అనుకున్నట్టు జరగనప్పుడు తేడా ఏ ఆజ్ఞ దగ్గర వచ్చిందో వెతకడం ఇంకో ఎత్తు. నా దృష్టిలో అసలు చదువు అదే. లెవెల్ గెలిచినప్పటికంటే ఓడిపోయి, తన ప్రోగ్రామ్‌ని తనే మొదటి నుంచి చదువుకుంటున్నప్పుడు పిల్ల ఎక్కువ నేర్చుకుంటుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పిల్లల కోసం లోగో అనే భాషని అమెరికాలో 1967లో తయారుచేశారు. సేమూర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫూర్జైగ్ దాని వెనకున్నవాళ్లు. 'ముందుకు', 'కుడికి' అంటే గీతలు గీసే తాబేలు ఆ లోగోతోనే పేరుపొందింది. గళ్ల మీద రోబోని నడిపించే పద్ధతిని 1981లో రిచర్డ్ ప్యాటిస్ 'కారెల్' రోబోతో కాలేజీ విద్యార్థుల కోసం వాడాడు. ఇప్పుడు మీ పాప ట్యాబ్‌లో ఆడేవి వాటి మనవలూ మునిమనవలే.

రానిది కూడా చెప్పాలి. ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుని, ఏం తయారుచేయాలో తనే నిర్ణయించుకోవడం ఈ ఆటల్లో రాదు. సమస్యని ఎవరో ముందే సిద్ధం చేసి ఇస్తారు కదా.

మా పాప యూకేజీ. ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

స్క్రీన్ మీద తొందరేం లేదు. అయిదేళ్లు దాటితే స్క్రాచ్ జూనియర్ అనే యాప్ బాగుంటుంది, అది 5 నుంచి 7 ఏళ్ల వాళ్ల కోసమే చేశారు. బ్లాకుల మీద బొమ్మలే ఉంటాయి, చదవక్కర్లేదు. అయిదు లోపు పిల్లలకైతే నేల మీద గళ్లాటే చాలు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట కార్టూన్లకే సరిపోతోంది కదా మన ఇళ్లలో.

ఇంట్లో కంప్యూటర్ లేదండీ, నా ఫోనే ఉంది. సరిపోతుందా?

మొదటి కొన్ని నెలలకి సరిపోతుంది. రోబోని నడిపించి దీపాలు వెలిగించే లైట్‌బాట్ లాంటి ఆటలు ఫోన్‌లో బాగానే నడుస్తాయి. బ్లాకులు పేర్చి సొంతంగా ఆటలు, కథలు తయారుచేసుకునే స్క్రాచ్‌కి వచ్చేసరికి మాత్రం ఫోన్ ఇరుకు: బ్లాకులు లాగబోతే వేలు ఇంకోదాని మీద పడుతుంది, పిల్లలకి చిరాకొస్తుంది. దానికి కనీసం ట్యాబ్ కావాలి. ఎవరో పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ అయినా పర్వాలేదు.

ఫోన్ ఇస్తే వాట్సాప్ నోటిఫికేషన్లు ఆపి ఇవ్వండి. లెవెల్ మధ్యలో ఫ్యామిలీ గ్రూప్ గుడ్‌మార్నింగ్‌లు పడుతుంటే పెద్దవాళ్ల దృష్టే నిలవదు.

మా అబ్బాయి తెలుగు మీడియం. ఇంగ్లీష్ అంతగా రాదు.

మాటలు లేని ఆటలతో మొదలుపెట్టండి. లైట్‌బాట్‌లో ముందుకి బాణం, మలుపుకి వంగిన బాణం, దూకడానికి స్ప్రింగు, దీపానికి బల్బు బొమ్మ. అంతా బొమ్మలే. ఆ తర్వాత రిపీట్ (మళ్లీ మళ్లీ చెయ్యి), ఇఫ్ (ఒకవేళ ఇలా ఉంటే), ఎల్స్ (లేకపోతే) లాంటి కాసిని ఇంగ్లీష్ మాటలు అవసరమవుతాయి. క్రికెట్ కామెంటరీలో మాటలు ఎలా పట్టుకున్నారో వీటినీ అలాగే పట్టుకుంటారు, దానికి టెన్షన్ పడకండి. తెలుగు మీడియం పిల్లలు వెనకబడటం నేనైతే చూడలేదు. తను ఏం చేశాడో తెలుగులో గడగడా చెప్పగలిగితే అర్థమైనట్టే.

మాకే కోడింగ్ రాదు. మేమేం నేర్పిస్తాం?

మీరు నేర్పనక్కర్లేదు, అడిగితే చాలు. మూడు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి: "రోబో ఇప్పుడు ఎక్కడుంది?", "ఏ వైపు చూస్తోంది?", "ఈ బ్లాక్ తర్వాత ఏమవుతుంది?" బిడ్డ వేలు పెట్టి ఒక్కో బ్లాకూ చదివి చెప్పాలి. నాలుగో బ్లాక్ దగ్గరకి వచ్చేసరికి "అయ్యో, ఇక్కడ తిరగలేదు" అని తనే అంటుంది. కోడింగ్ వచ్చిన నాన్నలకంటే రాని అమ్మమ్మలు ఈ పని బాగా చేస్తారు, ఎందుకంటే వాళ్లు నిజంగానే తెలియక అడుగుతారు. రుషికొండ ఐటీ కంపెనీల్లో పనిచేసే నాన్నలు మాత్రం ట్యాబ్ లాక్కుని వాళ్లే కట్టేస్తుంటారు!

ఐఐటీ ఫౌండేషన్‌కి పనికొస్తుందా?

నేరుగా పనికిరాదు. మార్కుల కోసమైతే ఈ సమయం లెక్కలకి పెట్టండి.

ఏఐ కోడ్ రాసేస్తోంది కదా, ఇంకా ఇవన్నీ ఎందుకు?

రాసిచ్చినదాన్ని చదివి, ఎక్కడ తప్పుందో చెప్పేవాళ్లు కావాలి కాబట్టి. ఈ పజిల్స్‌లో పిల్లలు రోజూ చేసేది ఆ పనే. పిల్లలు ఉద్యోగం కోసం కోడింగ్ నేర్వాలా వద్దా అన్నది వేరే చర్చ. మూడో తరగతి బిడ్డ విషయంలో ఆ చర్చ పెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు.

## ఆట ఎంచుకునేటప్పుడు

ఇన్ని ఉన్నాయి, దేంతో మొదలుపెట్టాలి?

చదవడం వచ్చిన పిల్లలకి నేను మొదట చూపించేది బ్లాక్లీ గేమ్స్ అనే వెబ్‌సైట్‌లోని మేజ్, అంటే చిక్కుదారి ఆట. గూగుల్‌లో పుట్టింది. ఉచితం, ప్రకటనలు లేవు, అకౌంట్ అక్కర్లేదు. మొత్తం పది లెవెల్స్. మొదటిదాంట్లో తిన్నగా నడవడమే. మూడోదాంట్లో దారి పొడుగ్గా ఉంటుంది, వాడుకోవడానికి మాత్రం రెండే బ్లాకులు. 'ముందుకు' అని ఎన్నిసార్లు పెట్టాలన్నా చోటుండదు, రిపీట్ వాడక తప్పదు. లూప్ అంటే ఏంటో ఉపన్యాసం లేకుండా చెప్పే పద్ధతి ఇంతకంటే మంచిది నాకు తెలియదు. ఆరో లెవెల్లో ఇఫ్ వస్తుంది, తొమ్మిదిలో ఎల్స్. లెవెల్ గెలిచాక మీరు పేర్చిన బ్లాకులు జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎలా ఉంటాయో కూడా చూపిస్తుంది. పెద్ద పిల్లలకి అది చూస్తే భలే గర్వంగా ఉంటుంది.

పదో లెవెల్ గట్టిది, పెద్దవాళ్లు కూడా ఇరుక్కుంటారు. ఎడమ గోడని అంటిపెట్టుకుని నడువు అన్న సూచన ఆటే ఇస్తుంది. గోడలన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్న చిక్కుదారి దేన్నయినా ఆ పద్ధతి దాటించేస్తుంది. మధ్యలో విడిగా ఒక గోడ ఉండి దాని పక్క నుంచి బయల్దేరితే మాత్రం చుట్టూ తిరుగుతూనే ఉంటాం. కాస్త ముదురు పిల్లలకి ఆ రెండో మాట చెప్పి కాగితం మీద గీసి చూడమనండి, ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది.

చదవడం ఇంకా రాకపోతే లైట్‌బాట్. బొమ్మలు, కథలు కావాలంటే కోడ్ డాట్ ఆర్గ్ వెబ్‌సైట్. వాళ్లు 2013 డిసెంబర్‌లో మొదలుపెట్టిన 'అవర్ ఆఫ్ కోడ్' పజిల్స్ గంటలో అయిపోయేలా ఉంటాయి, తెలిసిన కార్టూన్ బొమ్మలు కనిపించేసరికి పిల్లలు ఉత్సాహంగా కూర్చుంటారు.

డబ్బు పెట్టి కొనదగ్గవి ఏమైనా ఉన్నాయా?

పన్నెండేళ్లు దాటిన పిల్లలకి ఒకటి చెప్తాను: హ్యూమన్ రిసోర్స్ మెషీన్. టుమారో కార్పొరేషన్ 2015లో తెచ్చింది. ఒక ఆఫీసు, ఒక గుమస్తా. ఒకవైపు నుంచి వచ్చే అంకెలు తీసుకుని, బాస్ చెప్పినట్టు మార్చి, రెండోవైపు పెట్టాలి. ఉన్నవి పదకొండు ఆజ్ఞలే: తీసుకో, పెట్టు, నేల మీద గడిలో దాచు, కూడు, తీసెయ్యి, ఇలాంటివి. గుణకారం ఉండదు, కూడికలతో కట్టుకోవాలి! కంప్యూటర్ లోపల ప్రాసెసర్ ఎలా పనిచేస్తుందో దీనివల్ల ఒక అందాజా వస్తుంది. నేల మీద గడిలో దాచుకునే అంకే వేరియబుల్. ఉచిత ఆటల్లో సరిగ్గా అందని పాఠం ఇదే. చిన్నపిల్లలకి మాత్రం ఇది ఇవ్వకండి, విసుగొచ్చి ఇంకెప్పుడూ ముట్టుకోరు.

మిగతావాటికి మొదటి ఏడాది ఒక్క రూపాయి కూడా పెట్టక్కర్లేదు.

కరెంటు, నెట్ లేకపోయినా ఆడేవి ఉన్నాయా?

హుద్‌హుద్ చూసిన ఊరు మనది, అడగాల్సిన ప్రశ్నే. బ్లాక్లీ గేమ్స్‌ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. స్క్రాచ్‌కి కూడా ఆఫ్‌లైన్ యాప్ ఉంది.

అసలు కరెంటే అక్కర్లేనిది కావాలంటే హాల్లో టైల్స్ ఉన్నాయిగా, అవే గళ్లు. ఇంట్లో పేరుకుపోయిన పాత శుభలేఖలు చీటీలుగా కత్తిరించి, వెనక వైపు 'ముందుకు', 'కుడికి తిరుగు', 'ఎడమకి తిరుగు' అని రాయండి. దిండ్లు అడ్డుగోడలు. ఒక మూల జీడిపప్పు పాకమో, జంతికలో పెట్టండి. పిల్ల చీటీలు వరసగా పేరుస్తుంది, మీరు రోబో. ఒకటే నియమం: చీటీలో ఉన్నదే చేయాలి, తెలివి వాడకూడదు. చీటీ ముందుకంటే గోడకి కొట్టుకోవాల్సిందే. పిల్లలు పడీ పడీ నవ్వుతారు, నవ్వుతూనే చీటీల వరస మారుస్తారు. డాన్ షాపిరో 2013లో తెచ్చిన రోబోట్ టర్టిల్స్ అనే బోర్డ్ గేమ్ కూడా ఈ పద్ధతిలోనే సాగుతుంది. పిల్లలు కార్డులు వేస్తే పెద్దవాళ్లు కంప్యూటర్‌లా తాబేలుని కదుపుతారు.

యాప్ స్టోర్‌లో 'కిడ్స్ కోడింగ్' అని కొడితే వందలు వస్తున్నాయి. మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

మీరే పది నిమిషాలు ఆడండి. ఆజ్ఞలన్నీ పేర్చాక 'రన్' నొక్కేలా ఉండాలి. ఒక్కో బాణం నొక్కగానే బొమ్మ కదిలిపోతే అది వీడియో గేమ్, ముందుగా ఆలోచించే పని అందులో లేదు. రెండోది, నడుస్తున్నప్పుడు ఏ బ్లాక్ పనిచేస్తోందో వెలిగి కనిపించాలి. అది లేకపోతే తప్పు వెతకడం కష్టం. మూడోది, తప్పు చేస్తే లైఫ్ పోవడం, కాయిన్లు అడగడం ఉంటే వెంటనే తీసేయండి. తప్పుకి జరిమానా వేసే ఆట ఈ పనికి పనికిరాదు.

కోచింగ్ సెంటర్ వాళ్లు ఏడాది కోర్సు, సర్టిఫికెట్ అంటున్నారు. చేర్పించమంటారా?

డెమో క్లాసులో ఒక్కటి గమనించండి. పిల్లవాడు ఇరుక్కుంటే టీచర్ ఏం చేస్తున్నారు? మౌస్ తీసుకుని సరిచేసి ఇస్తుంటే ఆ ఫీజు దండగ. "నువ్వేం అనుకున్నావు, ఏం జరిగింది?" అని అడుగుతుంటే ఆలోచించండి. ఆరు నెలల్లో యాప్ తయారుచేస్తాడని చెప్పేవాళ్ల దగ్గరకి అసలు వెళ్లకండి. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకోవడానికి బాగుంటుంది.

## ఆడుతున్నప్పుడు

మా పాపకి కుడి ఎడమలు బాగా తెలుసు. గేమ్‌లో మాత్రం ప్రతిసారీ తప్పు పెడుతోంది.

అందరూ పెడతారు. రోబో కిందికి చూస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమవైపు ఉంటుంది. పాప తన కుడి పెడుతుంది, రోబో దాని కుడికి తిరుగుతుంది.

కొంతమంది పిల్లలు ట్యాబ్‌నే తిప్పి, రోబో చూసే వైపు తాము కూడా చూసేలా పట్టుకుంటారు. తెలివైన పనే. ఆటో రొటేట్ ఆన్‌లో ఉంటే మాత్రం స్క్రీన్ మళ్లీ తిరిగిపోయి, రోబో మొదటికే వస్తుంది. పిల్ల మళ్లీ తిప్పుతుంది, అది మళ్లీ తిరుగుతుంది. ఈ గొడవ చూసి ఎంత నవ్వుకున్నామో! ముందే ఆటో రొటేట్ ఆపేయండి. ఇంకా కుదరకపోతే లేచి నిలబడి రోబోలా నడిచి చూడమనండి. చిన్న రబ్బరు ముక్కకి ముక్కు గీసి స్క్రీన్ మీద జరుపుతూ చూసినా వెంటనే అర్థమవుతుంది.

ఒకే లెవెల్లో అరగంటగా ఉన్నాడు. చెప్పేయనా?

ఏదో ఒకటి మార్చి చూస్తున్నాడా, ఊరికే బ్లాకులు కలిపి కొడుతున్నాడా చూడండి. మార్చి చూస్తుంటే వదిలేయండి. కలిపి కొడుతుంటే అన్నీ తీసేయించి, మొదటి రెండు అడుగుల వరకే ప్రోగ్రామ్ పెట్టమనండి. అది పనిచేశాక ఇంకో అడుగు. అప్పటికీ కాకపోతే ఆపి బీచ్‌కి తీసుకెళ్లి మూరీ మిక్స్చర్ తినిపించండి. మర్నాడు అదే లెవెల్ అయిదు నిమిషాల్లో కొట్టేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. జవాబు మాత్రం చెప్పకండి.

మా గుంటడు యూట్యూబ్‌లో జవాబులు చూసి లెవెల్స్ దాటేస్తున్నాడు. ఏం చెయ్యాలి?

తిట్టకండి. దాటేసిన లెవెల్ తెరిచి, ఒక బ్లాక్ మీరు తీసేయండి. లేదా రెండు బ్లాకులు అటూ ఇటూ మార్చేయండి. 'రన్' నొక్కకముందే రోబో ఎక్కడ ఆగుతుందో చెప్పమనండి. సరిగ్గా చెప్తే చూసి నేర్చుకున్నట్టే, దాంట్లో తప్పేం లేదు, మనం ముగ్గులు చూసే కదా నేర్చుకున్నాం. చెప్పలేకపోతే వాడికే తెలిసిపోతుంది. ఆ తర్వాత మీకో లెవెల్ ఇలా పాడుచేసి ఇవ్వమనండి. పాడుచేయడానికి కూడా ప్రోగ్రామ్ అర్థం కావాలి, పైగా అమ్మని ఇరికించడం అంటే ఎక్కడలేని హుషారొస్తుంది.

రిపీట్ ఉన్నా వాడదు. 'ముందుకు, ముందుకు' అని పది పెడుతుంది.

పెట్టనివ్వండి. పది పెట్టే ఓపిక ఉన్నంతకాలం లూప్ అవసరం తనకి కనిపించదు. బ్లాకుల సంఖ్య పరిమితం చేసే లెవెల్ ఇస్తే దానంతటదే వస్తుంది.

లూప్‌లో అసలు ఇబ్బంది వేరే ఉంది. మెట్లలాంటి దారిలో తిరిగి తిరిగి వచ్చే ముక్క ఏదో కనిపెట్టడం. ముందుకు, ఎడమ, ముందుకు, కుడి. మళ్లీ ముందుకు, ఎడమ, ముందుకు, కుడి. పిల్లలు 'ముందుకు, ఎడమ' దగ్గరే ఆపి రిపీట్ పెట్టేస్తారు, రోబో ఒకేచోట గుండ్రంగా తిరుగుతుంది. ముందు రిపీట్ లేకుండా మొత్తం పొడుగ్గా రాయించండి. తర్వాత ఒకేలా ఉన్న ముక్కల చుట్టూ పెన్సిల్‌తో గీత గీయమనండి. గీత లోపల ఉన్నదే రిపీట్‌లోకి వెళ్తుంది.

ఇఫ్ దగ్గర ఆగిపోయాం. ఎలా చెప్పాలి?

పిల్లలకి ఇఫ్ అర్థం కాక కాదు. అది ఎప్పుడు అడుగుతుందో అర్థం కాదు. ఒకసారి ఇఫ్ పెడితే రోబో ఎప్పుడూ కాపలా కాస్తూ ఉంటుందనుకుంటారు. ఆ బ్లాక్ దగ్గరకి వచ్చిన క్షణంలో ఒక్కసారే చూస్తుంది, అంతే.

తెల్లవారుజామున వాకింగ్ వాళ్ల కోసం ఆర్కే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు కదా. ఇంట్లో బయల్దేరేటప్పుడు ఒకసారి "రోడ్డు మూసి ఉందా?" అనుకుని బయల్దేరితే సరిపోదు, మలుపు దగ్గరకి వచ్చినప్పుడు మళ్లీ చూడాలి. ప్రతి అడుగు దగ్గరా చూడాలంటే ఆ ఇఫ్‌ని రిపీట్ లోపల పెట్టాలి. బయట పెట్టిన ప్రోగ్రామ్, లోపల పెట్టిన ప్రోగ్రామ్ రెండూ నడిపించి చూపించండి.

త్రిభుజం గీయమంటే 60 డిగ్రీలు కొట్టాడు. బొమ్మ తప్పొచ్చింది. బడిలో 60 అనే చెప్పారట.

బడిలో చెప్పిందీ నిజమే. సమబాహు త్రిభుజం లోపలి కోణం 60. గీతలు గీసే ఆటలో తాబేలు తిరిగేది మాత్రం లోపలి కోణం కాదు. ఒక భుజం గీసి చివరకి వచ్చాక అది ఇంకా అటే చూస్తోంది. అక్కణ్నుంచి కొత్త భుజం వైపు ముఖం తిప్పడానికి 120 డిగ్రీలు తిరగాలి. 60 పెట్టి మూడుసార్లు గీస్తే వచ్చేది షడ్భుజిలో సగం. ఆ సగాన్ని చెరిపేయకండి, అలాగే ఉంచి రిపీట్‌లో 3 తీసి 6 పెట్టమనండి. తప్పనుకున్న బొమ్మ చక్కటి షడ్భుజి అయి కూర్చుంటుంది.

ఆ తర్వాత అసలు సంగతి వాళ్లే పట్టుకుంటారు. చదరానికి 90 చొప్పున నాలుగు, త్రిభుజానికి 120 చొప్పున మూడు, షడ్భుజికి 60 చొప్పున ఆరు. ఎలా చూసినా మొత్తం 360. చుట్టూ ఒక్కసారి తిరిగి మొదటికే రావాలి కాబట్టి. అయిదు కోణాల నక్షత్రం దగ్గర మళ్లీ బోల్తా పడతారు: దానికి తాబేలు రెండు చుట్లు తిరుగుతుంది, 720ని అయిదుతో భాగిస్తే 144. సంక్రాంతి సెలవల్లో దీంతో ముగ్గులు వేయిస్తాను. ఒక రేకు గీసే ముక్కని విడిగా రాసుకుని, 45 డిగ్రీలు తిరుగుతూ ఎనిమిదిసార్లు పిలిస్తే ఎనిమిది రేకుల పువ్వు. నానమ్మలు వచ్చి మెలికల ముగ్గు వేయమంటే మాత్రం పిల్లలూ నేనూ చేతులెత్తేస్తాం.

లెవెల్ గెలిచినా 'ఇంకా తక్కువ బ్లాకులతో చేయొచ్చు' అని వస్తోంది. ఏడుస్తోంది.

పనిచేసిన ప్రోగ్రామ్ పాసైనట్టే. తగ్గించడం రెండో ఆట, వేరే రోజు ఆడుకోవచ్చు. పొట్టి ప్రోగ్రామే ఎప్పుడూ మంచిదన్న రూలు కూడా లేదు. హ్యూమన్ రిసోర్స్ మెషీన్‌లో తక్కువ ఆజ్ఞలకి ఒక గుర్తు, తక్కువ అడుగుల్లో ముగించినందుకు ఇంకో గుర్తు ఉంటాయి. కొన్ని లెవెల్స్‌లో రెండూ ఒకే ప్రోగ్రామ్‌తో రావు, రెండు రకాలుగా రాయాల్సిందే.

రోజుకి ఎంతసేపు ఆడించాలి?

అరగంట. రోజూ వద్దు, వారానికి మూడు నాలుగు రోజులు చాలు. లెవెల్ మధ్యలో టైమ్ అయిపోతే ప్రోగ్రామ్‌ని కాగితం మీద రాసుకుని ఆపమనండి.

అన్నాచెల్లెళ్లు ఒకే ట్యాబ్ కోసం కొట్టుకుంటున్నారు.

ఒకే ట్యాబ్ ఉండటమే నయం. ఒకరికి చెయ్యి, ఒకరికి నోరు. ట్యాబ్ పట్టుకున్నవాళ్లు సొంతంగా ఏదీ పెట్టకూడదు, పక్కవాళ్లు చెప్పిందే పెట్టాలి. లెవెల్‌కోసారి మారాలి. పెద్దాడు ఎప్పుడూ నోరే కావాలంటాడు, ఒప్పుకోకండి.

## లెవెల్స్ అన్నీ అయిపోయాక

అన్నీ పూర్తిచేసేశాడు. కోడింగ్ వచ్చేసినట్టేనా?

ఒక పరీక్ష పెట్టండి. కాగితం మీద తనే ఒక కొత్త లెవెల్ తయారుచేయాలి: దారి, అడ్డంకులు, ఎన్ని బ్లాకులు వాడొచ్చో ఆ లెక్క. దాన్ని చెల్లి పరిష్కరించగలగాలి, కానీ మరీ సులువుగా ఉండకూడదు. ఇది చేయగలిగితే ఆటలో ఉన్నది బాగా ఒంటబట్టినట్టు.

ఇంకా మిగిలిందేంటంటే, విలువలు దాచుకోవడం, లిస్టులు, వాడేవాళ్లు ఇచ్చిన సమాచారం తీసుకోవడం, ఒకేసారి రెండు పనులు నడిపించడం. దారి కనుక్కునే పజిల్స్‌లో ఇవి పెద్దగా రావు. వాటి కోసం సొంతంగా ఏదైనా తయారుచేయాలి.

స్క్రాచ్‌కి ఎప్పుడు వెళ్లాలి? పైథాన్ ఎప్పుడు?

"ఈ గేమ్‌లో అలా కాకుండా ఇలా ఉంటే బాగుండు" అని పిల్ల అన్న రోజు స్క్రాచ్ తెరవండి. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం చేసిన స్క్రాచ్ 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది, 8 నుంచి 16 ఏళ్ల వాళ్లని దృష్టిలో పెట్టుకుని చేశారు, పూర్తిగా ఉచితం. అకౌంట్ లేకుండా కూడా వాడొచ్చు. అకౌంట్ తెరిచి ప్రాజెక్టు షేర్ చేస్తే అది అందరికీ కనిపిస్తుంది, కామెంట్లూ వస్తాయి. కాబట్టి పిల్ల అసలు పేరు, స్కూలు పేరు పెట్టనివ్వకండి. మొదటి ప్రాజెక్టుగా ఏదో పెద్ద గేమ్ అంటారు. కైలాసగిరి రోప్‌వే డబ్బా అటూ ఇటూ వెళ్లొస్తే చాలనండి, దాంట్లోనే లూప్, ఇఫ్, వేరియబుల్ మూడూ వచ్చేస్తాయి.

పైథాన్ బ్లాకులు లేకుండా టైప్ చేసి రాసే ప్రోగ్రామింగ్ భాష, దానికి టైపింగ్ వేగం, కాస్త ఇంగ్లీష్ కావాలి. ఏడో ఎనిమిదో తరగతి సరైన సమయం అంటాను. మధ్యలో వంతెనలాంటిది కావాలంటే కోడ్‌కాంబాట్ ఉంది. ఆటలోని వీరుణ్ని పైథాన్‌లో రాసి నడిపించాలి, వాడు కదలాలంటే స్పెల్లింగ్ సరిగ్గా కొట్టక తప్పదు.

పిల్లల పక్కన కూర్చుని నాకే సరదా పుట్టింది. పెద్దవాళ్లకి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, నిద్ర పాడైతే నన్ననకండి. జాక్‌ట్రానిక్స్ అనే గేమ్ కంపెనీ వాళ్ల ఆటలు చూడండి. ఓపస్ మ్యాగ్నమ్‌తో మొదలుపెట్టొచ్చు, 2017లో వచ్చింది, కోడింగ్ తెలియకపోయినా ఆడొచ్చు. ప్రోగ్రామర్లయితే 2015 నాటి టిస్-100. మాన్యువల్ చదవకుండా ఒక్క అడుగు కూడా పడదు, ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి.

## బడుల్లో, అపార్ట్‌మెంట్లలో

మా స్కూల్లో నలభైమంది పిల్లలకి ఆరేడు సిస్టమ్స్ పనిచేస్తాయి. క్లాసు ఎలా నడపాలి?

సగంమందిని సిస్టమ్స్ దగ్గర, సగంమందిని నేల మీద పెట్టండి. సిస్టమ్‌కి ముగ్గురు: ఒకరు మౌస్, ఒకరు ఆలోచన, ఒకరు కాగితం మీద రోబో ఎక్కడుందో గుర్తుపెట్టేవాళ్లు. నేల మీదవాళ్లకి సుద్దముక్కతో గళ్లు గీసి చీటీల ఆట. ఇరవై నిమిషాలకి మార్చేయండి. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో టిమ్ బెల్ బృందం నడిపే 'సీఎస్ అన్‌ప్లగ్డ్'లో కంప్యూటర్ లేకుండా ఆడించే కృత్యాలు ఉచితంగా దొరుకుతాయి. బైనరీ అంకెలకి (0, 1 మాత్రమే వాడి రాసేవి) చుక్కల కార్డుల ఆట వాటిలో నాకు ఇష్టమైనది, అయిదు అట్టముక్కలు ఉంటే చాలు.

సిలబస్‌లో లేదని హెడ్మాస్టర్‌గారు అంటే, 2020 జాతీయ విద్యా విధానం మిడిల్ స్టేజ్‌లో, అంటే 6 నుంచి 8 తరగతుల్లో, కోడింగ్ కృత్యాలు ఉండాలని చెప్పిన సంగతి గుర్తుచేయండి.

పోటీలు ఏమైనా ఉన్నాయా?

బెబ్రాస్ అని ఉంది. లిథువేనియాలో 2004లో వాలెంటినా డగియెనె మొదలుపెట్టారు, ఇప్పుడు మన దేశంలోనూ జరుగుతోంది. కోడ్ రాయక్కర్లేదు, చిన్న చిన్న తర్కం పజిల్స్ ఇస్తారు. పాత ప్రశ్నలు ఇంట్లో కూర్చుని సరదాగా చేసుకోవచ్చు. ర్యాంకు కోసం కోచింగ్ ఇప్పించకండి దయచేసి.

మా అపార్ట్‌మెంట్‌లో మొదలుపెట్టాలంటే ఏం కావాలి?

కమ్యూనిటీ హాలు, చాపలు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు. ట్యాబ్‌లు పిల్లలే తెచ్చుకుంటారు. ఆటలు ముందురోజే డౌన్‌లోడ్ చేసి ఉంచండి, సెల్లార్‌లో ఉన్న హాళ్లలో సిగ్నల్ ఉండదు. పది పన్నెండు మందికి మించకుండా, వయసుని బట్టి రెండు జట్లు చేయండి. మే నెలలో మధ్యాహ్నం పెట్టకండి, ఆ ఉక్కపోతలో ఏ లూపూ ఎక్కదు. పొద్దున్న తొమ్మిదిలోపు ముగించేయండి. తల్లిదండ్రులని వరండాలోనే కూర్చోబెట్టండి.